ఐదో కవచం వెనక పలక

మార్చి 3

జవాబు రాయడానికి పది రోజులు తీసుకునే మహానుభావుడు, మా చిన్నోడికి,

ముందుగా, ఈ కవరు విప్పి చదువుతున్న బస్సు డిపో గుమాస్తా గారికి నమస్కారం. అయ్యా, చదివాక కాస్త చూసి అంటించండి. పోయినసారి జిగురు అక్షరాల మీదికి పాకి, నేను రాసిన కబుర్లలో సగం మావాడికి అందలేదట.

చిన్నోడా, నువ్వు కొత్త ఇంటికి మారి నెల దాటింది. అడ్రసు పంపమంటే పంపవు. అందుకే ఇది కూడా డిపోకే రాస్తున్నాను. పోనీ ఫోను చేద్దామంటే ఆ ఫోనూ గుమాస్తా గారి బల్ల మీదే ఉందాయె.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావ ప్రెస్సులో పొద్దస్తమానం అచ్చుతప్పులు దిద్ది, ఆ ఊపులో ఇంటికొచ్చి నా మాటలు కూడా దిద్దుతున్నారు. కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారు, నా కుట్టుమిషను చప్పుడుకి తన తలనొప్పి ముదిరిందని పైకెక్కి వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. మిషను కాళ్ళ కింద గోనెపట్టా మడిచి పెట్టాను. చప్పుడు తగ్గింది, కుట్టు వంకర పోతోంది.

ఇక అసలు సంగతి. బ్యాంకుల డబ్బు వ్యానుల్లో తీసుకెళ్ళే కాపలా కంపెనీ ఒకటుండేది, గుర్తుందా? వాళ్ళ గార్డులు తొడుక్కునే బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకి పై తొడుగులు చిరిగితే నేనే కుట్టేదాన్ని. కంపెనీ మూతపడే నాటికి ఐదు జాకెట్లు నా దుకాణంలోనే ఉండిపోయాయి. ఏడాదిన్నర అయింది, మావి ఇవ్వమ్మా అని ఒక్కడూ రాలేదు. ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. పోలీసులు, సైన్యం, అనుమతి ఉన్న కాపలావాళ్ళు తప్ప మామూలు మనుషులెవరూ అలాంటివి దగ్గర పెట్టుకోకూడదట. కొనకూడదు, అమ్మకూడదు, ఊరికే ఇంకొకరికి ఇవ్వనూ కూడదు. ఉన్నవాళ్ళు మార్చి ముప్పయ్యొకటో తేదీలోగా ఏ పోలీస్ స్టేషన్లోనైనా అప్పగిస్తే కేసు ఉండదు. ఆ తర్వాత దొరికితే మూడేళ్ళ జైలు.

ఆ కంపెనీ కాగితాలన్నీ పోలీసుల చేతికి వెళ్ళాయి. వాటిలో నా దుకాణం పేరు, 'రిపేరుకి ఇచ్చినవి ఐదు' అన్న మాట, ఒక్కోదాని నంబరు స్పష్టంగా ఉన్నాయి. నిన్న నోటీసు వచ్చింది. ఒక్కో జాకెట్ లోపల గుండె వైపు ఒక పలక, వీపు వైపు ఒక పలక ఉంటాయి. పలకంటే ఇనుపది కాదు, బిగువుగా నేసిన గుడ్డ ముప్పై నలభై పొరలు. ముందువి ఐదు, వెనకవి ఐదు, నంబర్లతో సహా సరిపోవాలి. ఒక్కటి తగ్గినా నేను ఎవరికో అమ్ముకున్నట్టే లెక్క.

ఒంటిని కాపాడే వస్తువుకి ఇంత గొడవేమిటో నాకు అర్థం కాదు. అదేమైనా కత్తా, తుపాకీయా?

అన్నట్టు, పోయిన ఏడు నీ డ్రైవరు సీటుకి వెనక ఆనుకోమని ఒక దిండు కుట్టి పంపాను చూడు, నల్ల రెక్సిన్ తొడుగుది. దాన్ని వెంటనే పార్సిల్ చెయ్యి. ఒక కస్టమరు అలాంటిదే కావాలని పట్టుబట్టింది, కొలతలు చూసుకోవాలి. కుట్లు మాత్రం విప్పకు. ఎవరికీ చూపించకు. వెంటనే అంటే వెంటనే.

మరదలికి నా ముద్దులు, నీకు మొట్టికాయలు.
మీ అక్క


మార్చి 8

అక్కా,

నీ లెక్క తప్పు. పది రోజులు కాదు, ఐదో రోజుకే జవాబు రాస్తున్నాను. బావ చేత ఎర్రసిరాతో దిద్దించు.

ఉత్తరం చేతికిస్తూ గుమాస్తా గారు మొహం గంటు పెట్టుకున్నారు. "మీ అక్కగారికి చెప్పవయ్యా, నేను చదవను. కవరు బరువు సరిచూస్తానంతే" అన్నారు. ఆ వెంటనే, "ఇంతకీ ఆ మాస్టారికి తలనొప్పి తగ్గిందా?" అని అడిగారు.

కొత్త ఇల్లు బాగుంది. రెండు గదులు, ఒక కిటికీ. వంటగదిలో కొళాయి తిప్పితే స్నానాల గదిలో నీళ్ళొస్తాయి, అంతకుమించి లోపం లేదు. మీ మరదలు టైపు నేర్చుకుంటోంది. అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేళ్ళు ఆడిస్తోంది. ఏం టైపు చేస్తున్నావని అడిగితే, నా మీద ఫిర్యాదు అంది.

నాకు మళ్ళీ పాత రూటే వేశారు. మొదటి ట్రిప్పు ఉదయం ఆరింటికి. రోజూ ఎక్కేవాళ్ళే ఎక్కుతారు, రోజూ తిట్టేవాళ్ళే తిడతారు, హాయిగా ఉంది.

ఇక దిండు. అబ్బ, ఏం కుట్టావక్కా! అది లేకపోతే నేను బండి ఎక్కను. రోజుకి పది గంటలు దానికే ఆనుకుని కూర్చుంటున్నాను. నడుం నొప్పి అన్న మాటే మర్చిపోయాను. అలాంటిదాన్ని పార్సిల్ చేసి పంపేస్తే నా గతేం కాను? నీకు కావలసింది కొలతలే గనక అవి రాస్తున్నాను: పొడవు పన్నెండు అంగుళాలు, వెడల్పు ఎనిమిది, మందం నాలుగు. మీ కస్టమరుకి చక్కగా కుట్టి ఇవ్వు.

జాకెట్లు తొందరగా అప్పగించెయ్. చివరి రోజు దాకా నాన్చకు. నీకు అన్నీ చివరి రోజే గుర్తొస్తాయి.

డ్యూటీకి టైమైంది. అడ్రసు ఈసారి తప్పకుండా.
నీ తమ్ముడు


మార్చి 12

అబద్ధం ఆడటం కూడా చేతకాని తమ్ముడికి,

పన్నెండు అంగుళాలు, ఎనిమిది అంగుళాలు! అది డ్రైవరు వీపుకి పెట్టే దిండా, చంటిపిల్లకి పెట్టే తలగడా? నీ పదో ఏట నుంచి నీ చొక్కాలు కుడుతున్నదాన్ని. ఆ దిండు పదహారూ పద్దెనిమిది, మందం రెండున్నర. నువ్వు దాన్ని కొలవలేదు. కొలవలేదంటే అది నీ ఎదురుగా లేదు. ఎక్కడ పారేశావురా?

ఇక్కడిదాకా రాసి మీ బావకి చూపించాను. 'కొలతలు నీకు తెలిసినప్పుడు వాణ్ణెందుకు అడిగావు?' అని పక్కన ఎర్రగా ప్రశ్నార్థకం పెట్టారు. ఈయన ఇంట్లో ఉండగా మనిషి ప్రశాంతంగా ఒక అబద్ధం కూడా ఆడటానికి లేదు. సరే, కస్టమరు లేదు, ఏమీ లేదు. నిజం చెప్తున్నాను విను. ఆ దిండుకి లోపల వేసిన గుడ్డ రంగు నాసిరకం. ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయని తర్వాత తెలిసింది. నువ్వు దానికి ఆనుకోకు, ఇంకెవర్నీ ఆనుకోనివ్వకు. తడిపి ఉతకకు, ఎండలో పెట్టకు, విప్పకు. మూట కట్టి పంపెయ్.

నా సంగతి ఏం చెప్పమంటావు? మీ బావ ఆ చట్టం అచ్చయిన పేపరు కత్తిరించి గోడకి అంటించారు. అన్నం ముందు కూర్చుని, "మూడో క్లాజు చూశావా, 'మరొక రూపంలోకి మార్చి ఉంచినా' అని ఉంది" అంటారు. నేను కంచం పక్కకి నెట్టి లేస్తున్నాను. నిన్న పోలీసామె ఒకామె దుకాణానికి వచ్చి, అన్నీ సిద్ధంగా ఉన్నాయా అని మర్యాదగానే అడిగింది. ఉన్నాయన్నాను. ఆమె వెళ్ళాక బీరువా తెరిచి మళ్ళీ లెక్కపెట్టాను. రోజూ లెక్కపెడుతూనే ఉన్నాను, లెక్క మారడం లేదు.

గుమాస్తా గారూ, మాస్టారికి తలనొప్పి తగ్గింది. ఇప్పుడు నాకు పట్టుకుంది.

చిన్నోడా, నా మీద ఏ కాస్త ప్రేమున్నా దిండు పంపరా.
అక్క


మార్చి 16

అక్కా,

తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టెయ్, తర్వాత చదువు.

ఆ దిండు నా దగ్గర లేదు. నువ్వు పంపిన కొత్తలో నాలుగు రోజులు పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే అది దిండులా లేదక్కా. గట్టిగా, ఎటూ వంగకుండా, మధ్యాహ్నానికల్లా వీపంతా చెమట పట్టించేది. నువ్వు కష్టపడి కుట్టావు, బాగాలేదని ఎలా రాయను? తీసి బస్సులో సామాన్ల అర మీద పెట్టాను. మొదటి ట్రిప్పులో రోజూ ఒక హెడ్ కానిస్టేబుల్ గారు ఎక్కుతారు. ఆయన నడుం మంచిది కాదు, నిలబడలేరు, కూర్చోలేరు. ఒకరోజు దాన్ని చూసి, కాసేపు వీపుకి పెట్టుకుని, "ఏమయ్యా డ్రైవరూ, ఇది నాకిస్తావా? ఇన్నాళ్ళకి నా వెన్నుపూస నిటారుగా నిలబడింది" అన్నారు. ఇచ్చేశాను. ఐదు నెలలైంది. అది ఇప్పుడు ఆయన స్టేషన్లో, ఆయన కుర్చీకే కట్టి ఉంది. మా అక్క కుట్టిందని గొప్పగా చెప్పాను కూడా.

నువ్వు దిండు అడగ్గానే నాకు ఏమనిపించిందో తెలుసా? ఎవరో నీకు చెప్పేశారనీ, నన్ను పరీక్షించడానికి అడుగుతున్నావనీ. అందుకే ఆ కొలతలన్నీ గాల్లోంచి తీసి రాశాను.

ఇప్పుడు నీ దద్దుర్ల ఉత్తరం చదివాక నా కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎందుకంటే నిన్న హెడ్డు గారు బస్సులో రాడ్‌కి ఆనుకుని వీపు గోక్కుంటున్నారు! అరగంట ప్రయాణంలో ఆరుసార్లు. పోలీసు వీపుకి జబ్బు అంటించానంటే నా డ్యూటీ ఉంటుందా, ఊడుతుందా? ఏ మందు రాయాలో వెంటనే రాయి. ఆయనకి తెలియకుండా ఎలా రాయాలో కూడా రాయి.

గుమాస్తా గారు ఈసారి ఉత్తరం ఇస్తూ జోకులేమీ వేయలేదు. నన్ను పక్కకి పిలిచి, "దద్దుర్లు కాదయ్యా, ఇది ఇంకేదో. మీ అక్క రాతలో అక్షరాలు వణుకుతున్నాయి. ముందు ఆ దిండు సంగతి చూడు" అన్నారు. నాకు ఒక్క ముక్క బోధపడలేదు. కింద ఇంటి అడ్రసు రాస్తున్నాను. ఏదైనా ఉంటే నేరుగా అక్కడికే రాయి. మీ మరదలు నా ఉత్తరాలు చదవదు, నేను రాసినవే భరించలేనంటుంది.

నీ వెధవ తమ్ముడు


మార్చి 19

చిన్నోడా,

గుమాస్తా గారికి నా తరఫున చేతులెత్తి దణ్ణం పెట్టు. మన ఇద్దరికీ లేని తెలివి ఆయనకుంది.

దద్దుర్లు లేవు, మందు అక్కర్లేదు. ఆ దిండులో ఉన్నది ఐదో జాకెట్ వెనక పలక. ఇప్పుడు సూటిగా రాస్తున్నాను. బీరువాలో ముందు పలకలు ఐదు, వెనక పలకలు నాలుగు. ఐదోది నేనే తీసి, రెండు పక్కలా ఫోము పెట్టి, రెక్సిన్ తొడిగి నీకు పంపాను. దాన్ని నువ్వు తీసుకెళ్ళి పోలీసు కుర్చీకి కట్టావు. నీ ఉత్తరం చదివి మీ బావ గోడ మీది పేపరు ముక్క దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళారు. ఆయన అచ్చుకాగితం చదివి తప్పు వెతక్కపోవడం మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

ఎందుకు పంపానని అడుగుతావు. నీ నడుం నొప్పికి కాదు. పోయిన ఏడు సమ్మెలో నీ బస్సు మీద రాళ్ళేశారు కదా. నీ సీటు వెనక అద్దం పగిలి, ఒక రాయి భుజం కింద తగిలిందని నువ్వు నవ్వుతూ చెప్పావు. చొక్కా కొలత తీసుకుంటున్నప్పుడు ఆ మచ్చ చూశాను. నా అరచేయంత ఉంది. నాలుగు వేళ్ళు పక్కకి తగిలుంటే వెన్నెముక. నాకు ఎంత భయమేసిందో నీకు చెప్పలేదు, చెప్తే నవ్వుతావు. నువ్వు వెళ్ళాక దుకాణంలో కూర్చుంటే ఎదురుగా ఆ జాకెట్లున్నాయి. తూటానే ఆపేది రాయిని ఆపదా అనుకున్నాను. ఎవరూ వచ్చి అడగడం లేదు, అప్పటికి ఈ చట్టమూ లేదు. పరాయి సొమ్ము కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణం దాటాక సూదిలో దారం ఎక్కించాను. కత్తెర దాని మీద ఆడదు, అందుకని ఉన్నదాన్ని ఉన్నట్టే లోపల పెట్టి కుట్టేశాను. అందుకే అంత గట్టిగా ఉంది. నీకు చెప్తే పెట్టుకోవని దిండన్నాను. చెప్పకపోయినా పెట్టుకోలేదు, అది వేరే సంగతి.

మొదటి ఉత్తరంలోనే ఈ మాట రాసి ఉండాల్సింది. డిపో అంతా చదువుతుందని దాచాను. దాచినకొద్దీ ఇదిగో, ఇంతదూరం వచ్చింది.

నువ్వు స్టేషన్‌కి వెళ్ళకు. దాని జోలికి పోకు. బస్సు కంపెనీలో ఒక్క కేసు పడితే ఉద్యోగం ఉండదని నువ్వే చెప్పావు. ఇది నా చేతులతో చేసింది. ముప్పయ్యో తేదీన ఉన్నవి తీసుకెళ్ళి, తగ్గినదాని కథ అంతా నేనే చెప్పుకుంటాను. దుకాణం పోతే పోతుంది. జైలంటే మాత్రం, నిజం రాస్తున్నాను, రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాను. మీ బావకి అన్నం వండుకోవడం కూడా రాదు.

వెళ్ళకు. మాట విను.
అక్క


మార్చి 24

అక్కా,

మాట వినలేదు. ముందు గట్టిగా ఊపిరి పీల్చుకో. పని అయిపోయింది! లోపల గుండుసూదితో గుచ్చి ఉన్న రసీదు చూసుకుని, ఆ తర్వాత తీరిగ్గా ఇది చదువు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఈరోజు నాకు ఆఫ్. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు నిలవలేదు, పదింటికి స్టేషన్‌కి వెళ్ళాను. వరండాలో అదే చట్టం, ఆఖరు తేదీతో సహా పెద్ద అక్షరాల్లో అంటించి ఉంది. లోపల అప్పగించేవాళ్ళ కోసం ఒక బల్ల వేశారు. ఆ బల్ల దగ్గర ఎవరున్నారనుకున్నావు? మన హెడ్డు గారే. కుర్చీ, కుర్చీకి నీ దిండు, దిండుకి ఆయన. నాకంటే ముందు ఒక నగల దుకాణం ఆయన తన జాకెట్ ఇస్తూ ఏదో గొణుగుతున్నారు. హెడ్డు గారు దర్జాగా వెనక్కి ఆనుకుని, "ఇంట్లో దాచుకుని ఏమీ తెలియనట్టు కూర్చునేవాళ్ళుంటారండీ, వాళ్ళని మాత్రం వదిలేది లేదు" అంటున్నారు. నాకు చెమటలు పట్టాయి.

నగల దుకాణం ఆయన వెళ్ళాక హెడ్డు గారు నన్ను చూసి, "ఏమయ్యా, నువ్వేం తెచ్చావు?" అన్నారు.

"తేలేదు సార్. ఇక్కడే ఉంది."

"ఎక్కడ?"

"మీ వెనక సార్."

ఆయన వెనక్కి తిరిగి గోడ చూశారు. గోడ మీద క్యాలెండరు ఉంది. మళ్ళీ నన్ను చూశారు. నేను వేలు పెట్టి దిండు చూపించాను. ఆయన లేచి నిలబడి, దిండు విప్పి బల్ల మీద పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పి నొక్కి చూశారు. నేను తలుపు ఎంత దూరమో చూసుకున్నాను.

ఫారం ఇచ్చారు, నింపాను. తర్వాత బ్లేడు తెప్పించి కుట్లు విప్పబోయారు. పావుగంట పట్టింది! "ఎవరయ్యా కుట్టింది? జైలు గోడలైనా ఇంత గట్టిగా కట్టరు" అన్నారు. నేను క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. లోపల నంబరు ఉంది. చెరగలేదు, స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని రసీదులో ఎక్కించి, ముద్ర వేసి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, "అంటే ఐదు నెలలుగా కవచం తగిలించుకుని కూర్చుని ఊళ్ళోవాళ్ళ మీద ఎగురుతున్నది నేనన్నమాట" అన్నారు. స్టేషన్లో అప్పగించాలనేగా చట్టం, నువ్వు చట్టం కంటే ముందే తెచ్చిచ్చావు పో, అన్నారు. గడువులోగా ఎవరిచ్చినా, రూపం మార్చి కుట్టిందైనా, కేసు లేదట, ప్రశ్నలూ లేవట. అది వినగానే నా ప్రాణం లేచొచ్చింది. అక్కడున్న బెంచీ మీద కూలబడి ఒక చెంబెడు నీళ్ళు తాగాను.

నువ్వు రాసిన ప్రశ్న కూడా అడిగాను, ఒంటిని కాపాడేదానికి చట్టమెందుకని. ఆయన నవ్వు ఆపేశారు. "పోయిన ఏడు బ్యాంకు దోచడానికి వచ్చినవాడు అది తొడుక్కునే వచ్చాడయ్యా. మావాడు కాల్చింది వాడికి తగిలి కింద పడింది. వాడు కాల్చింది మావాడికి తగిలింది. మావాడి ఒంటి మీద మాత్రం ఖాకీ చొక్కా ఒక్కటే ఉంది" అన్నారు. నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను.

వీపు సంగతి కూడా కనుక్కున్నాను. దద్దుర్లు కాదు, కొత్త బనియను వెనక లేబులు గుచ్చుకుంటోందట. కత్తిరించుకోమని చెప్పాను. ఇప్పుడు ఆయనకున్న బాధల్లా దిండు పోయిందని. దూదితో ఇంకోటి కుట్టిస్తానని మాట ఇచ్చేశాను. నీ బదులు మాటలివ్వడం నాకు అలవాటేగా.

అక్కా, ఆ మచ్చ అంత పెద్దదని నాకే తెలీదు. వీపు కదా, నేనెప్పుడూ చూసుకోలేదు. నీ ఉత్తరం చదివాక మీ మరదలిని అడిగితే, అవునంది. నీ దిండు బాగాలేదని ఇచ్చేసినందుకు సిగ్గుగా ఉంది. బాగాలేదు, అయినా సిగ్గుగానే ఉంది.

రసీదు జాగ్రత్త. మిగతావి తొందరగా ఇచ్చెయ్.
నీ చిన్నోడు


మార్చి 30

చిన్నోడా,

ఇచ్చేశాను. ఇచ్చేశానురా! మీ బావ ఒక సంచీ, నేనొక సంచీ మోసుకుని పొద్దున్నే వెళ్ళాం. దారిపొడుగునా ఈయన, "నువ్వేం మాట్లాడకు, నేను మాట్లాడతాను" అన్నారు. తీరా స్టేషన్ గుమ్మం ఎక్కగానే ఈయన గొంతు పోయింది. అన్నీ నేనే మాట్లాడాను.

దుకాణానికి వచ్చిన పోలీసామే లెక్క చూసింది. ముందు పలకలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వెనక పలకలు నాలుగు. నా వైపు చూసింది. నీ రసీదు ఇచ్చాను. నీ ఉత్తరం అందినరోజు నేను పైన నంబరు, ముద్ర చూసుకుని, గుండుసూది కూడా తీయకుండా బీరువాలో పెట్టేశాను. ఆమె సూది తీసి, కాగితం తిప్పి, రెండో పేజీ కూడా చదివింది. చదివి నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో అర్థం కాలేదు. తర్వాత నోటీసు మీద 'సరిపోయింది' అని రాసి ముద్ర గుద్దింది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రసీదు తిరిగిచ్చి, "వెళ్ళొచ్చమ్మా" అంది. ఇంకేమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదంది. మళ్ళీ అడిగాను. మీ బావ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

ఎదురుగా బడిలో సోడా తాగుతూ, బెంచీ మీద కూర్చుని రసీదు రెండో పేజీ తిప్పి చూశాను, నువ్వు నింపిన ఫారం.

'వస్తువు మీ వద్దకు ఎలా వచ్చింది' అన్న గడిలో నీ కోడిగీతలు. 'మా అక్క దుకాణంలో ఉంటే, ఆమెకి చెప్పకుండా నేనే తీసుకొచ్చుకున్నాను. దిండు కూడా నేనే కుట్టుకున్నాను. ఆమెకి ఏమీ తెలీదు.' కింద సంతకం, బస్సు డ్రైవరు అని. దాని మీద హెడ్డు గారు అడ్డంగా గీత కొట్టి, 'ఈ గడి నింపనవసరం లేదు' అని రాశారు.

అంటే కేసు లేదని ఆయన చెప్పకముందే రాసి ఇచ్చావన్నమాట. దొంగనని నీ చేత్తో నువ్వే రాసుకుని, సంతకం పెట్టి, పోలీసు చేతికి ఇచ్చావు. నాకు మూడు పేజీల ఉత్తరం రాశావు, కొళాయి సంగతీ, బనియను సంగతీ రాస్తావు, ఈ ముక్క రాయలేదు. 'ఫారం ఇచ్చారు, నింపాను' అట! మీ బావ చదివి, మొదట చిన్నగా దగ్గి, "దిండు నేనే కుట్టుకున్నాను అన్నది ఎవరూ నమ్మరు, వాడికి గుండీ కుట్టడం రాదు" అన్నారు. అని, ఆయనే ముందు ఏడ్చారు. ఇద్దరు ముసలి పిల్లల్లా స్టేషన్ ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, సోడా అమ్మేవాడు మావాళ్ళెవర్నో లోపల వేశారనుకుని డబ్బులు వద్దన్నాడు. బలవంతంగా ఇచ్చి వచ్చాం.

నీ వీపు కాపాడాలని నేను పడిన తిప్పలేవో పడ్డాను. పిలవకుండా వచ్చి నా ముందు నిలబడ్డది నువ్వు. ఇంటికొచ్చి ఇది మూడోసారి రాస్తున్నాను, మొదటి రెండు కాగితాలూ కన్నీళ్ళకి తడిసిపోయాయి. ఈసారిది భయం కాదు.

ఇంకెప్పుడూ నా తప్పు నీ నెత్తిన వేసుకోకు. వేసుకుంటే కాళ్ళు విరగ్గొడతాను. వేసుకున్నావు గనక నేను ఇరవై ఏడు రోజుల తర్వాత ఈరోజు కడుపునిండా అన్నం తిన్నాను. రెండూ నిజంగానే రాస్తున్నాను.

నీ అక్క